చలిజ్వరం రాని ఇల్లు

"మా ఇంట్ల చలిజ్వరం అడుగువెట్టదు, మాది గట్టి రక్తం!" అని పోచమ్మ వాకిట్లో నిలబడి వాడంతా వినబడేలా అంటోంది. కోడలు భూలక్ష్మి పెరట్లో చెమట వాసన కొట్టే దుప్పట్లు ఉతుకుతోంది. అవి తన ఇంటివి కావు. ఆ వానాకాలం హఫీజ్‌పేటలో సగం ఊరు వణుకుతూ మంచం పట్టింది. "నీకు రాదు గదా, జర పోయి చెయ్యి" అంటూ చుట్టాల ఇళ్ల చాకిరీ అంతా అత్త ఆమె నెత్తినే వేసింది.

భూలక్ష్మికి జ్వరం రాకపోతే అది అత్తింటి ఉప్పు మహిమట! నాలుగేళ్ల కొడుకు వీరేశం కళ్లు పచ్చబడి, ఎముకల నొప్పులతో ఏడ్చి ఏడ్చి చనిపోతే మాత్రం అది భూలక్ష్మి చెడ్డ రక్తమట!

పిల్లాడు బతికుండగానే పట్నం దవాఖానలో మొగుడూ పెళ్లాలకు రక్తపరీక్ష చేశారు. "రక్తకణాలు కొడవలిలా వంగే గుణం మీ ఇద్దరిలోనూ ఉందమ్మా" అంది డాక్టరమ్మ. "తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వస్తే మేలే, చలిజ్వరం, అదే మలేరియా, అంత తేలిగ్గా చంపలేదు. ఇద్దరి నుంచీ వస్తే బిడ్డకు ఇదిగో, ఇట్లా అవుతుంది."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మొగుడు ఎల్లేశం, "నాకు గుడ ఉన్నదని అమ్మకు చెప్పకు. ఇజ్జత్ పోతది" అన్నాడు. ఆమె చెప్పలేదు. కొడుకును పూడ్చి వచ్చిన రోజు "నీ రక్తమే మింగింది" అని అత్త శాపనార్థాలు పెడుతుంటే, అతడు నేల చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనాన్ని భూలక్ష్మి క్షమించలేకపోయింది.

ఇప్పుడు అతనికి రెండో పెళ్లి. మదీనాగూడలో ఉన్న పోచమ్మ తమ్ముడి బిడ్డ నీలమ్మతో. "మా తమ్మునింట్ల గుడ ఎవ్వలకు చలిజ్వరం రాలే. మా రక్తం మాకే కలవాలె" అని ముసలమ్మ మురిసిపోతోంది. అయ్యో, చలిజ్వరాన్ని ఆపే ఆ కొడవలి గుణాన్నే ఏరికోరి మళ్లీ ఇంటికి తెస్తున్నారే! కానివ్వు, వాళ్లకే తెలిసొస్తుంది అని ఒక్క క్షణం కసిగా అనుకుంది భూలక్ష్మి. అంతలోనే తన చిన్న కాళ్లు పట్టుకుని "అమ్మా, నొస్తున్నయే" అన్న వీరేశం గొంతు చెవిలో పడింది.

పెళ్లి ఖాయం చేసుకునే రోజు, పెద్దభార్యకూ ఇష్టమేనని చూపడానికి ఆమె చేతనే పిల్లకు బొట్టు పెట్టించాలన్నారు. భూలక్ష్మి నీలమ్మ ముందు కూర్చుంది. కుంకుమలో వేలు ముంచలేదు.

"చెల్లె, ముందుగాల నీ రక్తం చూపిచ్చుకో. నాకున్నదే మీ బావకు గుడ ఉన్నది. నీకు గుడ ఉంటే నీ పిల్లలు నా కొడుకు లెక్కనే ఏడుస్తరు."

"ఏందిరా ఇది?" పోచమ్మ కొడుకు వైపు తిరిగింది. ఎల్లేశం మళ్లీ నేల చూశాడు. ఈసారి అందరూ అతన్నే చూస్తున్నారు.

భూలక్ష్మి కుంకుమ భరిణె మూత పెట్టేసి లేచింది.

"నా కొడుకును నేనొక్కదాన్నే మింగలేదు అత్తా. మీ గట్టి రక్తం గుడ మింగింది."