కండె లేని నాడె

సత్యం ఇంట్లో మగ్గం ఆడుతూనే ఉంది, బట్ట మాత్రం బయటికి రావడం లేదు. సాలెవీధి పెద్ద సాంబమూర్తికి అనుమానం రావడానికి ఇంతకంటే ఏం కావాలి? యుద్ధం పుణ్యమా అని కార్డు ఉంటే తప్ప నూలు దొరకని రోజులవి. పామర్రులో ఆ కార్డు ఉండాలన్నా ఊడాలన్నా ఆయన మాట మీదే.

నేసిన చీరలు దొంగచాటుగా బెజవాడ చేరుతున్నాయని ఆయన తేల్చేశాడు. లేకపోతే సత్యం ఎవరి కంటా పడకుండా ఎందుకుంటాడు? కొడుకు విషజ్వరంతో పోయి ఆరు నెలలైన మాట నిజమే. పిల్లలు పోయినవాళ్ళు వీధిలో ఇంకెవరూ లేరా? తప్పు ఒప్పుకునేదాకా ఆ గడప ఎవరూ తొక్కొద్దని కట్టడి చేశాడు. ఆయన నోటికి జడిసి వీధి వీధంతా సరేనంది.

మూడు వారాలైనా సత్యం వచ్చి కాళ్ళావేళ్ళా పడలేదు. ఆ పొగరు చూసి సాంబమూర్తికి ఒళ్ళు మండింది. ఒక మధ్యాహ్నం ఎదురింటి మాణిక్యాన్ని సాక్షిగా వాకిట్లో నిలబెట్టి, కార్డు లాక్కుందామని చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళాడు.

మగ్గం గుంటలో కూర్చున్నది సత్యం కాదు, అతని భార్య శివపార్వతి. నాడె అటూ ఇటూ పరుగెడుతోంది గాని అందులో నూలు చుట్టిన కండె లేదు. ఎప్పుడో ఎక్కించిన పడుగు నిలువుపోగుల మీద ఒక్క అడ్డపోగైనా పడలేదు. ఇచ్చిన నూలంతా కట్టలు విప్పకుండా దండెం మీదే ఉంది.

“ఏందమ్మా ఇది?”

ఆమె చెయ్యి ఆపలేదు. “ఆపితే వీధికి తెలిసిపోద్ది మావయ్యగారూ. మగ్గం మూలబడిందని కార్డు తీసేస్తారు. వాళ్ళ నాన్నకొచ్చిందే ఈయనకీ వచ్చిందంటారు.”

మూల నులకమంచం మీద సత్యం గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. సాంబమూర్తికి భయమేసింది. పాతికేళ్ళ కిందట సత్యం తండ్రి ఇలాగే పడుకుంటే, ఒళ్ళు బద్ధకమని నలుగురిలో తిట్టింది తనే. వారం తిరక్కుండా ఆ మనిషిని కాలువలోంచి తీశారు.

“ఎన్నాళ్ళ నుంచమ్మా?”

“పిల్లోడు పోయిన కాణ్ణుంచీ అంతేనండీ. మాణిక్యం రోజూ వచ్చి నాలుగు మాటలు మాట్లాడించి, దగ్గర కూర్చుని అన్నం తినిపించేవాడు. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా. మీరు రావొద్దన్నాక అన్నం కూడా సరిగా ముట్టడం లేదు.”

సాంబమూర్తి వాకిట్లోకి వచ్చాడు. “కార్డు దొరికిందా పెదనాన్నా?” అన్నాడు మాణిక్యం.

ఆయన మాణిక్యం చెయ్యి పట్టుకుని గడప దాటించాడు.

“తప్పు నాదిరా. వాడి పక్కన కూర్చో.”

తను మంచం కాళ్ళ దగ్గర నేలమీద కూలబడ్డాడు. అప్పటికిగాని శివపార్వతి నాడె వదల్లేదు.