ఎనిమిదో ఫారం

మా బైండింగు షాపులో ఎవరినైనా ఒక పుస్తకం గురించి అడగండి, మధ్యలోంచి చెబుతారు. ప్రెస్సు నుంచి పెద్ద పెద్ద కాగితాలొస్తాయి. ఒక్కోటి మడిస్తే పదహారు పేజీలు, దాన్ని ఫారం అంటారు. మనిషికో ఫారం. రోజంతా ఆ పదహారు పేజీలే వందలసార్లు చేతి కిందనుంచి పోతుంటే చదవకుండా ఉండటానికి మేమేమైనా గుడ్డివాళ్ళమా? తేనెటీగల సంగతి నాకు రాణి పుట్టేదాకే తెలుసు. మూత్రపిండాలు రక్తాన్ని ఎలా వడకడతాయో తెలుసు, వాటిలో రాళ్ళెందుకు వస్తాయో తెలియదు. అది పక్క బల్లవాళ్ళ సంగతి.

అందుకే భోజనాల దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. డబ్బాలు విప్పగానే ఫారాల వరసలో ఎవరి పేజీలు వాళ్ళు చెప్పాలి. కథల పుస్తకాలకు ఇంత గిరాకీ లేదు. సైన్సు పుస్తకమో, డాక్టర్లు రాసిందో వస్తే మాత్రం భోజనం చల్లారిపోవాల్సిందే. మా ఓనరుకు ఇది గిట్టదు. "కళ్ళు మడత మీదుండాలమ్మా, అక్షరాల మీద కాదు" అంటాడు. మడత ఎక్కడా తప్పడం లేదని ఆయనకూ తెలుసు కనుక గొణిగి ఊరుకుంటాడు.

మాలో బాగా చెప్పేది మైకు. గొంతు చూసి ఆ పేరు మేమే పెట్టాం. తను రహస్యం చెబితే ఎదురుగా ఉన్న టైర్ల దుకాణంలోవాళ్ళు జవాబు చెబుతారు.

ఆ ఎండాకాలం ఆడవాళ్ళ ఆరోగ్యం మీద ఒక డాక్టరమ్మ రాసిన పుస్తకం వచ్చింది. ఏడో ఫారం మైకుకు పడింది. అంతా రొమ్ముల్లో వచ్చే గడ్డల గురించి. కుట్టు మిషను దగ్గరుండే పెద్దమ్మ "కాస్త గొంతు తగ్గించవే, టైర్లవాళ్ళు వింటున్నారు" అని మొత్తుకుంది.

"విననీ పెద్దమ్మా, వాళ్ళిళ్ళల్లో ఆడవాళ్ళు లేరా?" అంది మైకు. "గడ్డలన్నీ కాన్సరు కాదట! చాలావాటితో ఏ ప్రమాదమూ లేదట! చివరి లైను వినండి: 'కాబట్టి గడ్డ తగలగానే'... అంతే, నా ఫారం అయిపోయింది."

"తగలగానే ఏం చెయ్యాలట?" అన్నాను.

"ఏముంది! గుండెలు బాదుకోకుండా హాయిగా పడుకోమని ఉంటుంది."

అందరం నవ్వాం. తర్వాతి ఫారం ఎవరి దగ్గరా లేదు. ప్రెస్సులో మిషను చెడిపోయి పుస్తకం అక్కడే ఆగింది. ఓనరు మాకు వేరే పని అప్పగించాడు.

మిగతా ఫారాలన్నీ ఒక్కసారిగా వచ్చేసరికి వానలు పట్టాయి. ఎనిమిదోది నా బల్ల మీద పడింది. భోజనాల దగ్గర గొంతు సవరించుకుని మరీ చదివాను. "'...భయంతో కుంగిపోనక్కర్లేదు. అయితే దాచుకోనూ కూడదు. ఏది మంచిదో ఏది చెడ్డదో చేత్తో తడిమితే తేలదు. వెంటనే పరీక్ష చేయించుకోవాలి.'"

మైకు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. తర్వాత ఏదో అంది. ఆ మనిషి మాట వినపడకపోవడం నాకు అదే మొదలు.

"ఏమన్నావే?" అంది పెద్దమ్మ.

"నాకుంది పెద్దమ్మా. ఎడమవైపు."

ఏడో ఫారం చేతికి రాకముందే మైకుకు గడ్డ తగిలిందట. డాక్టరుకు చూపించుకుందామని బయల్దేరబోతూ ఆ పేజీలు చదివి మానుకుందట. "పుస్తకమే చెప్పింది కదా అనుకున్నా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలి? చదివింది అది, నవ్వింది మేమందరం. తిలా పాపం తలా పిడికెడు.

మర్నాడు మైకు వాళ్ళాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. కాదు, ఆయనే దీన్ని వెంటబెట్టుకొచ్చాడు. కార్లు నడపడం నేర్పే మనిషి, ఎవరేం చేసినా బ్రేకు మీద ఆయన కాలుంటుంది.

"ఇవాళ్టినుంచి ఇది రాదు" అన్నాడు ఓనరుతో. "ఇక్కడ పుస్తకాలు చదివి లేని రోగాలు తెచ్చుకుంటోంది. రాత్రంతా ఏడుపే."

ఓనరుకు సందు దొరికింది. "విన్నారా? నేను చెబితే విన్నారు కాదు. రేపటినుంచి చదువుతూ కనపడితే ఇంటికే!"

నేను లేచాను. "లేని రోగమని మీకెవరు చెప్పారండీ? పరీక్ష చేశారా?"

"మా అమ్మ కూడా ఆసుపత్రికి వెళ్ళేదాకా బాగానే ఉందమ్మా!" అన్నాడాయన.

"నొప్పి మొదలయ్యాక వెళ్ళిందా, ముందే వెళ్ళిందా?"

ఆయన మొహం టైర్ల దుకాణం వైపు తిప్పుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, చూడకపోతే గడ్డ ఉండదనుకుంటున్నాడు. అది కోపం కాదని, నిలువెల్లా భయమని నాకప్పుడు తెలిసింది. జాలేసింది. అయినా తగ్గలేదు. ఓనరు వైపు తిరిగాను.

"మేం చదివినందుకు కాదు సార్ ఇలా అయింది, సగమే చదివినందుకు. సగం చదువుకు మందు చదువు మానెయ్యడమా? మిగతా సగం చదవడమా?"

"షాపు నాది" అన్నాడు ఓనరు.

పెద్దమ్మ మిషను కట్టేసింది. "షాపు మీదే బాబూ. చేతులు మావి" అంది.

ఇంక ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ఒక్కో బల్ల మీదనుంచి ఒక్కో ఫారం తీసి వరసపెట్టాం. అంచులు సమంగా తట్టి పెద్దమ్మకిస్తే, మిషనుకు పెట్టకుండా సూదీ దారంతో చేత్తోనే కుట్టింది. నేను పుస్తకం వీపుకు జిగురు రాశాను. ఓనరు చూస్తూ నిలబడ్డాడు. అట్ట లేకుండానే, తడి ఆరకుండానే, మొదలూ చివరా ఉన్న పుస్తకాన్ని మైకు చేతిలో పెట్టాను.

వాళ్ళాయన చెయ్యి చాచాడు. "ఇటివ్వు. ఇంటికి పోదాం."

మైకు ఇవ్వలేదు. పుస్తకం ఎనిమిదో ఫారం దగ్గర తెరిచి, నిన్న నేను చదివిన చోటునుంచి ఆయన మొహం మీదే చదవడం మొదలుపెట్టింది. మొదటి రెండు లైన్లు మెల్లగా చదివింది. మూడో లైనుకల్లా టైర్ల దుకాణంలో సుత్తి చప్పుడు ఆగిపోయింది. పేజీ పూర్తిచేసి, "నేను ఆసుపత్రికి పోతున్నా. నువ్వొస్తే సంతోషం. రాకపోతే వీళ్ళొస్తారు" అంది.

ఆయన వచ్చాడు. మేమూ వెళ్ళాం. ఓనరు ఆ రోజు షాపు మూసుకోవాల్సి వచ్చింది.

పరీక్షల్లో తేలింది, అది చెడ్డ గడ్డే. ఇంకా పాకలేదని, అయినా ఆలస్యం చెయ్యకూడదని చెప్పి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆపరేషనుకు రోజు ఖాయం చేసింది.

ఆపరేషనయ్యాక నేనూ పెద్దమ్మా చూడబోయాం. వార్డు తలుపు దగ్గరికే గొంతు వినిపించింది. నీరసంగా ఉంది, కానీ మైకు మైకే. పక్క మంచం మీద ఉన్నామెకు మర్నాడు ఆపరేషనట. ఆమె చెల్లెలు చేతులు జోడించి బతిమాలుతోంది. "చదవకండి అక్కా, మా అక్క భయపడుతుంది."

"భయం చదవకపోయినా వేస్తుందమ్మా" అంది మైకు. "తెలిసి భయపడితే డాక్టర్ని ఏమడగాలో అయినా తెలుస్తుంది. ఏమ్మా, ఆపెయ్యమంటావా?"

మంచం మీదామె దుప్పటి గడ్డందాకా లాక్కుని, "చదవండి" అంది.

మైకు ఎడమ చెయ్యి ఇంకా లేవడం లేదు. కుడిచేత్తో పుస్తకం ఒళ్ళో అదిమిపట్టుకుని చదువుతోంది. పక్కన స్టూలు మీద వాళ్ళాయన, పేజీ మూల వేలితో పట్టుకుని, ఆమె నోటివంకే చూస్తూ కూర్చున్నాడు.

"అయిపోయింది" అంది మైకు. "తిప్పు."

ఆయన తిప్పాడు.