బుద్ధిగా కూర్చున్న నీళ్ళు

ఉపగ్రహం కడుపులో ఇంధనం కుదురుగా ఉండి చావదు. బరువు లేని చోట గోడలెక్కుతుంది, ఉపగ్రహాన్ని ఇటు తిప్పితే తాను అటు కొట్టి మొత్తాన్నీ తూలిస్తుంది. దాని ఆగడాలు అణచడానికి ఇంజనీరు వీబ్కె ట్యాంకులో అమర్చే చిల్లుల పలక ఒకటి తయారుచేసింది. ఈ రోజు, వస్తువుల్ని పైనుంచి జారవిడిచి పరీక్షించే బ్రెమెన్ గోపురంలో అది పనిచేస్తుందని రుజువు కావాలి, లేదంటే పలక లేకుండానే ట్యాంకు కట్టేస్తామని పైఅధికారి ఓన్కెన్ తేల్చేశాడు. అవకాశం ఈ ఒక్కసారే, గోపురం మళ్ళీ దొరికేది వచ్చే ఏడాదే.

గోపురం లోపలి పొడవాటి గొట్టంలో గాలంతా తోడేసేసరికి అందరికీ తలప్రాణం తోకకొచ్చింది. ఇంధనానికి బదులు నీళ్ళు పోసి, పలక బిగించిన చిన్న ట్యాంకును ఒక డబ్బాలో పెట్టారు. పైనుంచి వదిలిన ఆ డబ్బా చూస్తుండగానే కింద థర్మోకోల్ పూసల్లో కూలబడింది. అది పడుతున్న ఆ కాసేపే లోపలి నీళ్ళకు బరువుండదు.

కెమెరా తీసిన బొమ్మలో నీళ్ళు బుద్ధిగా కూర్చున్నాయి. ఓన్కెన్ చప్పట్లు కొట్టాడు. కెమెరా చూసే హైకో ఈల వేశాడు.

వీబ్కెకు అనుమానమొచ్చింది. ఎంత పలక పెట్టినా నీళ్ళకు ఇంత బుద్ధి రాదు. అద్దంలాంటి ప్లాస్టిక్ ట్యాంకు మూత తీసి వాసన చూసింది. గుప్పున నిమ్మకాయ వాసన.

"హైకో, దీన్ని తోమావా?"

"వేలిముద్రలున్నాయి మరి! వంటగది సబ్బుతో శుభ్రంగా తోమాను."

"తర్వాత మంచినీళ్ళతో కడిగావా?"

హైకో వింతగా చూశాడు. "కడగడమెందుకు? ఇంట్లో గిన్నెల్లాగే నురుగులో ముంచి బట్టతో తుడిచాను. మీ అమ్మ చేసేదీ అదేగా!"

"మా అమ్మ చేస్తుంది, మీ అమ్మా చేస్తుంది, దేశమంతా చేస్తుంది! నా ఖర్మ! మిగిలిన సబ్బు, నీళ్ళ మీద పొర కట్టి అలల్ని నొక్కేసిందయ్యా! ఇందులో పలక గొప్పెంతో ఎలా తెలుస్తుంది?"

ఓన్కెన్ విసుక్కున్నాడు. "నీళ్ళు మాట వినవని నెల రోజులుగా మా ప్రాణం తోడేశారు. ఇవాళ విన్నాయి. ఇంకా గోలేనా? గెలిచారు, ఇంటికి వెళ్ళండి."

వీబ్కె నోరు మూసుకుంటే చాలు, పలక ఆకాశానికి వెళ్తుంది. ఎంత ఆశ పడింది దాని కోసం! ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే మంట పుట్టింది.

"పైన ఇంధనంలో కూడా సబ్బు కలుపుతారా, ఓన్కెన్ గారూ?"

ఆయన ముఖం వాడిపోయింది. "అయితే పలక లేనట్టే."

"లేనట్టే."

"నిజంగానే పనిచేస్తుందేమో వీబ్కె, నీ పలక," అన్నాడు హైకో మెల్లగా.

"చేస్తుందేమో!" అరిచింది వీబ్కె. "అదేగా నా ఏడుపు!"