ఊదని బిళ్ళ

కోరలీ భయం ఒక్కటే: తాను పంపిన బిళ్ళ ముక్కూ మొహం తెలియని మనిషి కన్ను తీసేస్తుందని.

రోచెస్టర్‌లోని చిన్న వర్క్‌షాపులో, లోపలి నీటిమట్టం కనిపించేలా బాయిలర్లకు బిగించే నీలపు కిటికీలను తుడిచి, చూసి, పెట్టెలో సర్దడం ఆమె పని. నీలమంటే కొలిమిలో పెంచిన నీలమణి. పేరే గానీ రంగుండదు, అచ్చం గాజుబిళ్ళే. మరిగే ఆవిరి గాజును లోపలినుంచి తినేసి పగలగొడుతుంది, నీలాన్ని ఏమీ చేయలేదు. చూపుకు రెండూ ఒకటే కనుక అక్కడి ఆడవాళ్ళు ఊది చూస్తారు. నీలం మీద ఊపిరి ఆవిరి చిటికెలో ఎగిరిపోతుంది, గాజు మీద కాసేపు నిలుస్తుంది.

"రోజంతా ఉఫ్ ఉఫ్ అని ఊదినందుకు జీతమా! కేకు ముందు కూర్చోబెట్టినట్టుంది" అంటాడు భర్త డెరిక్. "హైస్కూలు గట్టెక్కనిదానికి అంతకన్నా ఏమొస్తుందిరా" అంటుంది అత్తగారు వెల్మా, కోడలు వండిన మాంసమే నములుతూ.

ఆ శుక్రవారం పాప దగ్గు ఆమెకూ అంటుకుంది. సెలవడిగితే "పిల్ల జబ్బు, నీ జబ్బు, ఇంకెవరిదమ్మా మిగిలింది?" అన్నాడు సూపర్‌వైజరు. మాస్కు కట్టుకుని కూర్చుంది. మాస్కులోంచి ఊదితే ఏం తెలుస్తుంది? తీద్దామనుకునేసరికి డేకేర్ నుంచి ఫోను, పాపకు జ్వరమని. డెరిక్‌ను వెళ్ళమంటే "నాది ఉద్యోగం కదే!" అన్నాడు. చివరి ఆరు బిళ్ళలూ ఊదకుండానే సర్ది, సంతకం పెట్టి పరుగెత్తింది.

వారం తరువాత, శనివారం అదనపు పనికి వచ్చి, కొత్తవాళ్ళకు తేడా చూపించే గాజు నమూనా ఉండే గూట్లోని బిళ్ళ మీద అలవాటుగా ఊదింది. ఆవిరి చిటికెలో ఎగిరిపోయింది. అంటే నీలం ఇక్కడుంది. ఆ రోజు హడావిడిలో తారుమారై, గాజు ఆ ఊదని ఆరింటిలో కలిసి, వాటిని కొన్న పేపరు మిల్లుకు వెళ్ళిపోయింది.

"నోరు మూసుకుని ఊరుకో. ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు డెరిక్ ఫోన్లో.

కూరలో ఉప్పెక్కువైనా, పాప తుమ్మినా తప్పు తనదేనని తల వంచడం అలవాటైపోయింది. వంచీ వంచీ, నిజంగా తనదైన తప్పు ఎంత బరువుంటుందో మరిచిపోయింది. ఇప్పుడు తెలుస్తోంది. మిల్లు ఆఫీసుకు ఫోన్ చేసింది. సోమవారం దాకా ఎవరూ ఉండరంది రికార్డు చేసిన గొంతు. బాయిలర్లకు మాత్రం శని ఆదివారాలుండవు. రసీదు మీదున్న మెయిల్ చిరునామాలన్నిటికీ తన పేరుతోనే రాసింది:

"మీకు పంపిన ఆరు కిటికీల్లో ఒకటి గాజుది. తప్పు నాది. బిగించి ఉంటే బాయిలర్ ఆపించండి. నన్ను తిట్టడానికి తరువాత తీరికుంటుంది. ఇది ఎవరు చదివినా సరే, ముందు ఆ కిటికీలోంచి నీటిమట్టం చూసే మనిషి దగ్గరకు వెళ్ళి, బాగున్నాడో లేడో చూడండి."