వదినగారి సాయంత్రం తరగతి

విశ్వవిద్యాలయంలో ఆమెను అందరూ వదినగారు అనే పిలిచేవారు. రిజిస్ట్రార్ ఆమెకు సొంత మరిది. ఆయన గుమాస్తాగా చేరిన కొత్తలో పదిమంది ముందు కూడా నోరారా "వదినా" అనేవాడు. అది విని ప్యూన్లు, ప్యూన్లను చూసి మాస్టర్లు, మాస్టర్లను చూసి ఉపకులపతులు అదే పిలుపు పట్టుకున్నారు. తర్వాత ఆయన ఒక్కో మెట్టే ఎక్కి రిజిస్ట్రార్ అయ్యాడు, ఆమె ప్రాంతీయ అధ్యయన కేంద్రానికి అధిపతి అయింది. పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

కేంద్రం గ్రంథాలయం వెనక పాత మేడలో ఉండేది. ఊరికి పడమటన ఉన్న కొండల మీది మనుషుల గురించి, వాళ్ళ భాష, పాటలు, పంటలు, పొలిమేర తగాదాల గురించి అక్కడ చదువు సాగేది. కింద తరగతి గది, కార్యాలయం. పైన రెండు గదుల నిండా కొండల్లో తిరిగి రికార్డు చేసుకొచ్చిన గొంతులు. వాటిని చూసుకునేది టేపుల మాస్టారు. టేపులు పోయి డిస్కులు వచ్చినా ఆయన పేరు మారలేదు.

కొండభాష వదినగారు పుట్టి పెరిగిన భాష కాదు. అత్తగారిది. కోడలితో మామూలుగా ఊరి భాషే మాట్లాడే అత్తగారు కోపం వస్తే కొండభాషలోకి దిగిపోయేది. తననేమంటోందో తెలుసుకుని తీరాలన్న పంతంతో కొత్తకోడలు ఆ భాష నేర్చుకుంది. తీరా నేర్చుకున్నాక తేలిందేమిటంటే, ఆ తిట్లలో ముప్పాతిక వంతు కొడుకులవి. కోడలి వాటా బహుకొద్ది. అప్పటికి భాష మీద మోజు పడిపోయింది. దాని మీదే పరిశోధన చేసింది, దాని మీదే ఉద్యోగం తెచ్చుకుంది. అత్తగారి కొడుకులిద్దరూ మాత్రం చిన్నప్పుడు బడిలో తోటిపిల్లలు యాస పట్టి ఏడిపించడంతో ఆ భాషను గుమ్మం దాటనివ్వలేదు. చిన్నవాడైతే ఇంట్లో కూడా మానేశాడు. తల్లి కొండభాషలో అడిగితే ఊరి భాషలో జవాబు చెప్పేవాడు.

ఆ చిన్నవాడే, ఇప్పటి రిజిస్ట్రార్, ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నగారింటికి వచ్చి, భోజనాలయ్యాక, చేతులు కడుక్కుని తుడుచుకుంటూ అసలు విషయం బయటపెట్టాడు. కేంద్రం మూసేస్తున్నారు. పాలకమండలి ముందుకు కాగితం వెళుతోంది. తయారుచేసింది తనే. డిగ్రీకి ఏటా ఇద్దరో ముగ్గురో చేరుతున్నారు, కంప్యూటర్ శాఖకు గదులు చాలడం లేదు, కేంద్రంలో పనిచేసేవాళ్ళను భాషాశాఖలో సర్దేస్తారు. ఆ మాట బయటివాళ్ళ నోట వినడం బాగుండదని తనే వచ్చి చెబుతున్నానన్నాడు.

వదినగారు కంగారు పడలేదు. పళ్ళెంలో పండ్లు కోసి అతని ముందు పెట్టింది.

"నువ్వొచ్చి చెప్పడం మంచిపని. కానీ మూయనివ్వను."

"వదినా, అంకెలు మీకు అనుకూలంగా లేవు."

"నీ అంకెల్లో సాయంత్రం తరగతి ఉందా?"

"అది కోర్సు కాదు కదా. ఫీజు లేదు, పరీక్ష లేదు. రూలు ప్రకారం వాళ్ళు విద్యార్థులే కారు."

"అయితే నీ పని నువ్వు చెయ్యి, నా పని నేను చేస్తాను. పండు తిను, నల్లబడిపోతుంది."

మూల కుర్చీలో కునికిపాట్లు పడుతున్నట్టున్న అత్తగారు కళ్ళు తెరవకుండానే కొండభాషలో ఏదో అంది. మరిది ముఖం ముడుచుకుని లేచి చెప్పులేసుకున్నాడు. సరిగ్గా వినబడక ఏమన్నావని తర్వాత పెద్దకొడుకు అడిగితే, వీడూ కోడలూ ఇద్దరూ నావాళ్ళేగానీ బుర్ర ఒకరికే ఉంది, అదీ నేను కనని కోడలికే ఎలా వచ్చిందో తెలియడం లేదన్నానని చెప్పింది ఆవిడ.

సాయంత్రం తరగతి ఒక నర్సుతో మొదలైంది. విశ్వవిద్యాలయం గేటుకు ఎదురుగానే పెద్దాసుపత్రి. కొండల నుంచి రోజూ జనం దిగి అక్కడికే వస్తారు. ఒక ముసలాయన రొమ్ము మీద చెయ్యేసుకుని ఒకే మాట పదేపదే అంటుంటే, ఆ మాట కాస్త తెలిసిన వార్డు బాయి ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడని చెప్పాడు. కొండభాషలో ఆ మాట పొట్టిగా అంటే బెంగ. మధ్యలో సాగదీసి, కొసను గొంతులోనే నొక్కేస్తే గుండె పట్టేసిందని. ముసలాయన బతికి బయటపడ్డాడు గానీ, ఆ పూట డ్యూటీలో ఉన్న నర్సుకు ఊరుకోవడానికి మనసొప్పలేదు. మర్నాడే కేంద్రం తలుపు తట్టి తనకీ భాష నేర్పమంది. ఆమె వెంట ఇంకో ముగ్గురు వచ్చారు. ఆపైన బస్సు కండక్టర్లు, కోర్టు బంట్రోతులు, ఒక హెడ్ కానిస్టేబులు, విత్తనాల కొట్టాయన. డ్యూటీ బట్టల్లోనే వచ్చి కూర్చునేవారు. కుర్చీలు చాలక కిటికీ అరుగుల మీద కూడా సర్దుకునేవారు.

మూసివేత కబురు తెలిసి టేపుల మాస్టారు నిప్పులు తొక్కినట్టు ఎగిరాడు. గేటు దగ్గర నిరాహారదీక్ష చేద్దామన్నాడు. వదినగారు వద్దంది. కడుపు మాడ్చుకుంటే జాలి పడతారు, జాలిపడి నాలుగు నెలలు ఆగి మళ్ళీ మూస్తారు, మనకి కావలసింది జాలి కాదని చెప్పింది. పాలకమండలి సభ్యులు ఒక్కసారి వచ్చి తరగతిలో కూర్చోవాలని ఉపకులపతిని అడగడానికి వెళ్ళింది. ఉపకులపతి ఇంజినీరు, మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించి, సభ్యులు తీరికలేని మనుషులనీ, ఆ రోజు మండలి పొద్దుపోయేదాకా సాగుతుందనీ, వాళ్ళను అంతదూరం నడిపించలేననీ చెప్పాడు.

"అయితే తరగతినే ఇటు తీసుకొస్తాను. వాళ్ళు నడవక్కర్లేదు, వింటే చాలు" అంది వదినగారు.

ఆయన అది హాస్యమనుకుని నవ్వాడు.

పాలకమండలి జరిగే రోజు సాయంత్రం, పరిపాలనా భవనం మధ్యనున్న ముంగిట్లో, సరిగ్గా మండలి గది కిటికీల కింద నల్లబల్ల వెలిసింది. టేపుల మాస్టారు, ఇద్దరు కండక్టర్లు కలిసి మోసుకొచ్చారు. జెండాలు లేవు, నినాదాలు లేవు. జనం మాత్రం మామూలు కంటే రెట్టింపు వచ్చారు. పాత బ్యాచుల వాళ్ళు కూడా సెలవు పెట్టుకుని వచ్చి గచ్చు మీద చతికిలబడ్డారు. వాచ్‌మన్ ఒకసారి అడ్డుకోబోయి, హెడ్ కానిస్టేబులు కూడా అక్కడే పలకబట్టిన పిల్లాడిలా కూర్చునుండడం చూసి తన స్టూలు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు పాఠం నొప్పి. కొండభాషలో సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు. ఏ మాట ఏ నొప్పికో వదినగారు చెబుతుంటే తరగతి అంతా ఒక్క గొంతుతో పలుకుతోంది. తర్వాత అభ్యాసానికి ఒక కండక్టరు డాక్టరయ్యాడు, ఆసుపత్రి పెద్ద నర్సు కొండమీది రోగి అయింది. ఎక్కడ నొప్పమ్మా అని అడగబోయి కండక్టరు ఎక్కడ దిగుతావమ్మా అనేశాడు. నవ్వులు మేడ గోడలకు తగిలి తిరిగొచ్చాయి.

పైన మండలి గదిలో ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. ఎవరో కిటికీ మూశారు. ఉక్కపోసి మళ్ళీ తెరిచారు. ఉపకులపతి రిజిస్ట్రార్ వైపు చూశాడు. ఆ చూపుకి అర్థం తెలిసిన రిజిస్ట్రార్ లేచి కిందకి దిగాడు.

ఆయన వచ్చేసరికి వదినగారు చిక్కులో ఉంది. పాఠం గుండెనొప్పి దగ్గరికి వచ్చింది. ఆ సాగదీసే మాట ఎప్పుడూ పైగదిలోని రికార్డు పెట్టి వినిపించేది. ఇన్నేళ్ళయినా ఆ కొస నొక్కు ఆమె నాలుకకు పట్టుబడలేదు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. టేపుల మాస్టారు యంత్రమైతే తెచ్చాడు గానీ దాని తీగ ఏ ప్లగ్గుకూ అందలేదు. వరండా చివరి దాకా లాగి, కోపంతో తీగనే తిడుతూ నిలబడ్డాడు.

"వదినా, ఇక ఆపండి. పైన మీటింగు సాగడం లేదు" అన్నాడు మరిది నెమ్మదిగా.

"ఆపుతాను. ఈ ఒక్క మాట పలికి వెళ్ళు. నాకు రాదని నీకు తెలుసుగా."

"ఇక్కడా?"

"వీళ్ళల్లో సగం మంది రాత్రి డ్యూటీకి ఎక్కుతారు. తప్పుగా నేర్పి పంపమంటావా?"

ఆయన చుట్టూ చూశాడు. చేతుల్లో కలాలు పట్టుకుని అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. ఎవరి ముఖంలోనూ వెటకారం లేదు. చిన్నప్పుడు బడిలో ఆయన నోరు తెరిస్తే చూసిన చూపులు కావవి. గొంతు సవరించుకున్నాడు. ముందు పొట్టి మాట అన్నాడు. తర్వాత పొడుగు మాట. కొస గొంతులోనే ఆగింది.

తరగతి పలికింది. తప్పు పలికింది. ఆయన తనకు తెలియకుండానే చెయ్యెత్తి ఆపి మళ్ళీ అన్నాడు. గొంతు మీద వేలు పెట్టి ఎక్కడ నొక్కాలో చూపించాడు. పెద్ద నర్సుకు మూడోసారికి వచ్చింది. వచ్చిందనగానే ఆయన కొండభాషలోనే "అదీ, అలాగ" అన్నాడు.

అప్పటికి పై వరండాలోకి కొందరు సభ్యులు వచ్చి నిలబడ్డారు. అందులో పెద్దాసుపత్రి సూపరింటెండెంటు కూడా ఉంది. పెద్ద డాక్టరమ్మ, కంఠం ఖంగుమంటుంది. కిందనున్నవాళ్ళలో డజను మంది తన నర్సులేనని పోల్చుకుని రెయిలింగు మీదికి వంగింది.

"మీరంతా ఇక్కడ నేర్చుకున్నారా? నేనేమో మీరు కొండల వాళ్ళ పిల్లలనుకుంటున్నానే."

పెద్ద నర్సు లేచి నిలబడి, కాదు మేడమ్, మా అందరికీ ఇక్కడే వచ్చిందని చెప్పింది. కొండభాష తెలిసినవాళ్ళు వార్డులో ఉన్నప్పటినుంచీ రోగులు వైద్యం మధ్యలో పారిపోవడం తగ్గిందని తను పైవాళ్ళకు రెండుసార్లు రాశానని, అది ఎవరి చలవో ఇవాళ తెలిసిందని డాక్టరమ్మ పక్కనున్న సభ్యుడితో అంది. పక్కనున్నాయనతో అన్నా అది ముంగిలంతా వినబడింది.

లోపల జరిగింది తర్వాత అందరికీ తెలిసింది. కేంద్రంలో ఎంతమంది చదువుతున్నారని డాక్టరమ్మ నిలదీసింది. రిజిస్ట్రార్ లేచి, డిగ్రీకి ఈ ఏడాది చేరింది ముగ్గురన్నాడు. అక్కడితో కూర్చోలేదు. సాయంత్రం చదివేవాళ్ళను తన కార్యాలయం లెక్కలోకి తీసుకోలేదని, రూలు అలాగే ఉందని, అయితే రూలు రాసింది మనమేనని అన్నాడు. ఉపకులపతి, మరి కంప్యూటర్ శాఖకు గదుల సంగతేమిటన్నాడు. వదినగారిని పిలిపించారు. మేడ మీది రెండు గదులు కంప్యూటర్ శాఖకు ఇస్తారా అని అడిగారు.

"ఇస్తాం. గొంతులన్నీ వాళ్ళ యంత్రాల్లోనే దాచిపెట్టమనండి. చల్లగా ఉంటాయి" అందామె. "కానీ సాయంత్రం తరగతిని కోర్సు చెయ్యాలి. మా వాళ్ళు విద్యార్థులు కావాలి."

మూసివేత కాగితం వెనక్కి పోయింది. మూడేళ్ళు చూసి మళ్ళీ ఆలోచిద్దామని రాసుకున్నారు. పైగదులు పోయాయని టేపుల మాస్టారు వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడేళ్ళంటే మెడ మీద కత్తి ఉన్నట్టే కదా అన్నాడు. మూడేళ్ళలో ఈ ఊళ్ళో కొండభాష రాని నర్సు, రాని కండక్టరు ఉండరు, అప్పుడు మూయమని ఎవరొస్తారో చూద్దామంది వదినగారు. ఆ మాట ధైర్యానికన్నది కాదు. అప్పటికే ఆమె రెండో తరగతికి వేళలు రాసి గోడకు అతికించింది.

మరిది ఒకటి రెండుసార్లు వచ్చి ఉచ్చారణ పాఠం చెప్పాడు. మంచి మాస్టారేమీ కాదు. ఆఫీసులో లాగే చెప్పిందే చెప్పేవాడు, ఆలస్యంగా వచ్చిన వాళ్ళను గుమ్మంలో నిలబెట్టేవాడు. కండక్టర్లకు ఆయనంటే హడలు. అయితే ఆయన నేర్పిన మాట మాత్రం ఎవరికీ తప్పిపోలేదు.

ఒక ఆదివారం ఆయన అన్నగారింటికి వచ్చేసరికి తల్లి కూరగాయలు తరుగుతోంది. ఏంరా, మేష్టరువయ్యావటగా అని కొండభాషలో అడిగింది. ఆయన చెప్పులు విడుస్తూ, ఆ అమ్మా, అయ్యాను అని అదే భాషలో అన్నాడు. ఆవిడ కత్తిపీట మీదనుంచి తలెత్తలేదు. వాడి యాస పాడైపోయిందే అమ్మాయ్, కాస్త నువ్వే దిద్దు అని కోడలికి పురమాయించింది.