వరసకు లొంగని గుండీలు

"ఒకటి తగ్గింది. నువ్వే ఎక్కడో పారేసుంటావు," అంది అత్తగారు, మూడోసారి కళ్లజోడు తుడుచుకుంటూ.

"పారెయ్యలేదత్తయ్యా. పదివేల ఏడు. మీరూ లెక్కపెట్టారుగా!"

నలభై ఏళ్లుగా తన కుట్టుకొట్టులో రాలిన ప్రతి గుండీనీ ఆవిడ డబ్బాల్లో దాచింది. అన్నిటినీ ఒకే గుడ్డమీద కుట్టి కొట్టు గోడకు వేలాడదీయాలని ముచ్చట. వరసలన్నీ సమానంగా రావాలి, ఒక్కటీ మిగలకూడదు. తీరా డజను చొప్పున దారానికి గుచ్చితే ఎనిమిది వందల ముప్ఫైమూడు దండలు నిండాయి, ఆఖరిదాంట్లో పదకొండే తేలాయి.

"నా చొక్కాది ఒకటి పీకి ఇవ్వనా అమ్మా?" అన్నాడు కొడుకు.

"నోర్ముయ్. ఇందులో ఉన్నవన్నీ వాటంతటవి రాలినవి."

కోడలి బాధ గుండీ గురించి కాదు. కొత్తలో ఆమె మామగారి ప్యాంటు ఒక కాలు పొట్టిగా కత్తిరించింది. అప్పట్నుంచి ఎనిమిదేళ్లుగా కాజాలు, అంచులు కుట్టించడమే తప్ప కత్తెర ముట్టనివ్వలేదు అత్తగారు. ఇప్పుడీ లెక్క కూడా తన నెత్తిన పడితే ఇక జన్మలో ముట్టనివ్వదు.

"డజన్లు కాకపోతే ఇంకో వరస చూద్దాం," అని కోడలు పెన్సిలు తీసింది.

రెండు, మూడు, అయిదు, ఏడు. ఊహూఁ. రెండుకే లొంగనిది నాలుగుకు లొంగదు కాబట్టి అలాంటివన్నీ వదిలేసింది. ఇరవైమూడు దగ్గర రెండు మిగిలాయి, నలభైఒకటి దగ్గర మూడు. ఊరించి మొండిచెయ్యి చూపించాయి. తొంభైఏడుతో ఆపేసింది.

"అక్కడే ఆపేశావేం?"

"నిలువూ అడ్డమూ రెండూ వంద దాటితే, నూటొకటి చొప్పున పేర్చినా పదివేల రెండొందలు అయిపోతాయి. ఏదో ఒకవైపు వందలోపే ఉండాలి. లేదు."

"సరిగ్గా లెక్కపెడితే ఏదో ఒక వరసకు రాకుండా ఎలా ఉంటుందే?"

కోడలు ఏడు గుండీలు బల్లమీద పెట్టింది. "వీటిని సమానంగా పేర్చండి."

అత్తగారు రెండేసి పేర్చింది, మూడేసి పేర్చింది. ప్రతిసారీ ఒకటి పక్కన నిలబడి వెక్కిరించింది.

"ఇదేం మొండిఘటమే!"

"ఇది చిన్న మొండిది, ఆ పదివేల ఏడు పెద్ద మొండిది. తప్పు నా చేతిలో లేదత్తయ్యా, దాని పుట్టుకే అంత. దానికి కుదిరేది ఒకటే వరస. మధ్యలో మొదలెట్టి, చుట్టూ తిప్పుకుంటూ కుట్టుకుపోదాం. ఒక్కటీ మిగలదు."

అత్తగారు ఆ ఏడు గుండీలనూ వేలితో మధ్యనుంచి చుట్టూ తిప్పి పేర్చి, చాలాసేపు చూసుకుంది.

అందరూ భోజనానికి కూర్చున్నాక, ఆవిడ మెడలోని కొలతటేపు తీసి కోడలి కంచం పక్కన పెట్టింది.

"రేపట్నుంచి కొలతలూ కత్తెరా కోడలివి. గుండీలు నేను కుట్టుకుంటాను," అంది మెల్లగా. మామగారు కాళ్లు కుర్చీ కిందికి లాక్కోవడం చూసి, "మీ ప్యాంట్లతో సహా," అంది.