బాతుబొమ్మ మీద పడ్డ కన్ను

పిల్లవాడి ఉచ్చగుడ్డలు ఉతకడానికి సారక్క చేతులు పనికొస్తాయి. వాడిని ఎత్తుకోవడానికి మాత్రం పనికిరావు. గుడ్డలకు దిష్టి తగలదు కాబోలు. రోజూ పొద్దున్నే నల్లా దగ్గర కూర్చుని వాటిని రాయికేసి బాదుతూ ఆమె అనుకునే మాట ఇదే.

మంచిర్యాల దాటాక వచ్చే బొగ్గుగని కాలనీలో వాళ్లది రెండు గదుల క్వార్టర్. సారక్క మొగుడు మొగిలి, మరిది రాజలింగు ఇద్దరూ బొగ్గుబాయిలోకి దిగేవాళ్లే. సారక్క కాపురానికి వచ్చి పదేళ్లయినా కడుపు పండలేదు. వెనక వచ్చిన తోటికోడలు బాలవ్వ మాత్రం ఏడాది తిరగకుండానే కొడుకును కన్నది. ఇక ఆమె కాలు కింద పెడితే ఒట్టు. వంట, అంట్లు, బట్టలు, బాలింతకు వేన్నీళ్లు అన్నీ సారక్కవే. అంత చేసినా, సారక్క అటుగా వెళ్లినప్పుడల్లా బాలవ్వ పిల్లవాడి మీద కొంగు కప్పేసేది. ఆ కొంగు చూస్తే సారక్కకు కడుపు మండేది. పాలు తాగి మత్తుగా నిద్రపోయే ఆ ముఖం తనది కాదే అని మండేది. ఏడిస్తే తన గొంతు విని ఊరుకోడే అని మండేది. అసూయ పాపమని ఆమెకూ తెలుసు. కానీ ఆకలి కూడా ఒకరు చెబితే ఆగేది కాదు కదా.

జీతాల రోజున సైకిల్ మీద బొమ్మలమ్మే మనిషి వచ్చాడు. నొక్కితే కీ అని కూసే ఎర్ర రబ్బరు బాతులు తెచ్చాడు. పిల్లలున్న ప్రతి ఇంటివాళ్లూ ఒకటి కొన్నారు, రాజలింగు కూడా కొన్నాడు. సారక్క గుమ్మంలో నిలబడి చూసింది. కొనడానికి ఆమెకు సాకు కూడా లేదు.

ఒక మధ్యాహ్నం బాలవ్వ స్నానానికి పోయింది, అత్త పోశవ్వ పిండి గిర్నీకి పోయింది. సారక్క చాటలో బియ్యం ఏరుతుంటే పిల్లవాడి చేతిలోని బాతు కూత ఆగిపోయింది. మరుక్షణం అదే కూత పిల్లవాడి గొంతులోంచి సన్నగా వచ్చింది. చూసేసరికి వాడి పెదవులు నల్లబడుతున్నాయి. చాట విసిరేసి, వాడిని ఒళ్లో బోర్లా వేసుకుని వీపు మీద చరిచింది. మళ్లీ చరిచింది. నాలుక మీదికి ఏదో తెల్లగా వచ్చింది. వేలు పెట్టి తీసింది. బాతు కడుపులో ఉండి కూత పెట్టే పీక, చింతగింజంత ఉంది.

సరిగ్గా అప్పుడే పోశవ్వ లోపలికొచ్చింది. ఆమెకు కనబడింది పిల్లవాడి నోట్లో పెద్దకోడలి వేలు ఒక్కటే. సారక్క పీక చూపించి జరిగింది చెప్పింది. అత్త వినలేదు.

"మంచిగున్న బొమ్మ ఉత్తగనే ఊడుతదా? నరుని కన్నుకు నల్లరాయి సుత పలుగుతదంటరు. నీ కన్ను పడ్డది, గందుకే ఊడింది" అని బాతును పొయ్యిలో పారేసింది. ఉప్పు, మిరపకాయలు తెచ్చి మనుమడికి దిష్టి తీసింది. తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చిన బాలవ్వ సారక్క అరచేతిలోని పీకను చూసింది. ఏదో అనబోయి, అత్త వైపు చూసి పిల్లవాడిని ఎత్తుకుంది. పిల్లవాడు తల్లి మెడలో ముఖం దాచుకున్నాడు. ప్రాణం నిలబెట్టింది ఈ చేతులు, వాడికి కావలసింది ఆ మెడ. ఆ క్షణంలో కూడా సారక్కకు కుళ్లే పుట్టింది.

కానీ అలాంటి బాతులు క్వార్టర్ల వరుసంతా ఉన్నాయి. డ్యూటీ నుంచి వచ్చిన మొగిలికి చెప్పింది. "నీకెందుకే గా లొల్లి? పిల్లలు లేనిదానివి, పిల్లల ముచ్చట్లల్ల దూరకు" అన్నాడు, తువ్వాలతో బొగ్గు తుడుచుకుంటూ. పీక పట్టుకుని పక్కింటి లింగవ్వ దగ్గరకు పోయింది. లింగవ్వ నవ్వి, పాపను వెనక్కి జరుపుకుంటూ, "కన్నోళ్లం మేము, మాకెరుక లేదా అక్కా" అన్నది. పాప నోట్లో బాతు ముక్కు అలాగే ఉంది.

ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. బూడిదలో కరిగి అంటుకుపోయిన ఎర్ర రబ్బరు కనబడింది. అత్త తన మాట ఒక్కటీ వినలేదు, అయినా బాతు కాలిపోయింది. తన మాటకు ఈ కాలనీలో కాసంత విలువ లేదు. తన కన్నుకు మాత్రం ఉంది. నల్లరాయే పగిలేటప్పుడు రబ్బరు బాతు ఎంత?

మర్నాడు సాయంత్రం ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చునే వేళకు సారక్క తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని బయలుదేరింది. లింగవ్వ గుమ్మం ముందు ఆగి, బాతు వైపే చూస్తూ అన్నది.

"గా బాతు ఎంత సక్కగున్నది లింగవ్వా. నా కండ్లు దాని మీదికెళ్లి వస్తనే లేవు."

లింగవ్వ ముఖం మాడిపోయింది. పాప చేతిలోంచి బాతు లాక్కుని లోపలికి పోయింది. కాసేపటికి రబ్బరు కాలిన వాసన వచ్చింది. సారక్క పక్కింటికి నడిచింది. అక్కడా అదే మాట, అదే కమురు వాసన. కండ్లల్ల నిప్పులు పోసుకుంటుందని వెనక ఎవరో తిట్టారు. ఇకమీద ఏ తొట్టెల పండుగకూ తనను పిలవరని ఆమెకు తెలుసు. తెలిసే వరుస చివరిదాకా పోయింది. నటించాల్సిన పని కూడా లేకపోయింది, కడుపులో ఉన్నదే నోటితో అన్నది.

ఒక్క జాగ్రత్త మాత్రం పడింది. ఒకవేళ వాళ్లనేది నిజమేనేమో, ఎందుకైనా మంచిదని, ఏ ఇంటి ముందూ ఆమె పిల్లల ముఖం వైపు చూడలేదు.